వానలేని రోజుల్లో కారిన కప్పు

చెరకుకు విత్తనం ఉంటుందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. రైతు నాటేది ముచ్చెలే. గడ నరికి, కణుపు చూసి, మట్టిలో పడుకోబెడతాడు. కొత్త రకం పుట్టించాలంటే మాత్రం ఆ దారి పనికిరాదు. చెరకు పూయాలి, రెండు రకాల పూతలు కలవాలి, దూదిపింజలాంటి ఆ నూగులో కంటికి ఆనని విత్తనాన్ని పట్టి మొలిపించాలి. మొలిచేది గడ్డిపరక కన్నా సన్నగా ఉంటుంది. ఏ పరకకా పరక ఒక కొత్త రకం. ఒకటి చస్తే అచ్చం అలాంటిది మళ్ళీ పుట్టదు. డెబ్బైల్లో ఒక చలికాలం మేం ఒకరి మొహం ఒకరం అనుమానంగా చూసుకుంటూ ఎందుకు బతికామో తెలియాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

ఉయ్యూరు దాటి లోపలికి వెళ్తే కాలవ పక్కన ఒక చిన్న చెరకు ప్రయోగ క్షేత్రం ఉండేది. ఇప్పుడు లేదు. అందులో నేను టెక్నికల్ అసిస్టెంటుని. మా నాన్న మిషన్ బడిలో పంతులు. నాకు బోటనీ చదువు చెప్పించి, దండం పెట్టుకుని ఆ ఉద్యోగానికి పంపారు. క్షేత్రంలో ఆడ ఉద్యోగిని నేనొక్కదాన్నే. గెస్టుహౌసులో ఒక గది ఇచ్చారు. పేర్లు చెప్పను. ఉన్నవాళ్ళు కొందరున్నారు, పోయినవాళ్ళకి పిల్లలున్నారు.

మా ఆఫీసరుగారు వ్యవసాయ కుటుంబం నించి వచ్చి పెద్ద చదువు చదివిన మనిషి. పైరంటే ప్రాణం, మనుషులంటే కొంచెం అనుమానం. చలికి చెరకు నారు ఎదగడం లేదని, పాత ఎరువుల గోడౌన్ను ఆయన లైట్ల గదిగా మార్పించారు. కప్పు కింద తెల్లరంగు వేసిన రేకులు బిగించి, వాటికి వరసగా ట్యూబులైట్లు, మధ్యలో వేడి కోసం బల్బులు పెట్టించారు. కింద బల్లల మీద మట్టి ట్రేల్లో నారు. జిల్లాలో అలాంటి గది ఇంకోటి లేదని వచ్చినవాళ్ళకల్లా చూపించేవారు. పిల్లలూ, ఇప్పుడు మీకు తేమ పెరిగితే వాటంతట అవే తిరిగే ఫాన్లున్నాయి. మాకు ఉన్నదల్లా ఒక ఎలక్ట్రీషియను.

ఆయన విజయవాడ వన్ టౌన్ మనిషి. నడివయసు, పొడుగ్గా, మాట తక్కువ. ఇంకా పర్మినెంటు కాలేదు. తెల్లవారుజామున వచ్చి లైట్లు వెయ్యడం, రాత్రి ఆపడం, కరెంటు పోయినప్పుడు తిట్లు తినడం ఆయన పని. గది తాళం ఆయన దగ్గరే ఉండేది. పర్మినెంటు సంగతి అడిగినందుకు ఆఫీసరుగారు ఆయన్ని ఒకసారి అందరి ముందూ కసిరారు. ఆ కసురు ఆయన మర్చిపోయాడేమో గానీ ఆఫీసరుగారు మర్చిపోలేదు.

డిసెంబరులో కాలవ మీద మంచు పట్టడం మొదలైంది. ఆ రోజుల్లోనే ట్రేల్లో నారు మొదళ్ళ దగ్గర కుళ్ళి ఒరిగిపోసాగింది. పొద్దున మేం డ్యూటీకి వెళ్ళేసరికి ట్రేలు చిత్తడిగా ఉండేవి, నేల మీద నీటి మరకలు. మా లెక్క ప్రకారం పోసే నీళ్ళు అంత లేవు.

"ఎవడో నీళ్ళు కుమ్మరిస్తున్నాడు," అన్నారు ఆఫీసరుగారు.

"లోపలి మనిషేనండి," అన్నాడు స్టోర్ కీపరు. ఈయన మా అందరికన్నా పాతవాడు. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. లైట్ల గది వెనక సన్నటి సందు, ఆ సందుకి అవతల ఆయన క్వార్టరు. "తాళం తియ్యకుండా లోపలికి ఎట్టా వెళ్తారండి ఎవరైనా?"

ఎలక్ట్రీషియన్ను పిలిచి అడిగారు. ఆయన ఒకటే మాట చెప్పాడు.

"నేను తలుపు తీసేసరికే తడిగా ఉంటోందండి. పైనించి పడుతోందనుకుంటా."

ఆఫీసరుగారు నవ్వారు. "వాన చుక్క లేదు. మొన్ననే కప్పంతా తారు పూయించాం. వాన లేకుండా కప్పు కారుద్దా?"

ఎలక్ట్రీషియను అబద్ధం చెబుతున్నాడని నేను అనుకోలేదు గానీ, నిజం చెబుతున్నాడనీ అనుకోలేదు.

మర్నాడే రెండు వెంటిలేటర్లకీ చెక్కలు కొట్టించారు. తలుపు కింద సందుకి గుడ్డలు కూరించారు. ఎవరూ దూరకుండా, ఎవరూ బయటినించి గొట్టం పెట్టకుండా. ఇక గదిలోకి వెళ్ళగలిగేది తాళం ఉన్న మనిషి ఒక్కడే. ఆ తర్వాత తడి తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. గోడల మీద నల్లటి బూజు లేచింది. రెండు మంచి రకాల జత నించి వచ్చిన నారు మొత్తం పోయింది. ఆ జత కోసం ఆఫీసరుగారు ఏళ్ళ తరబడి తిరిగారు. ఆయన ఆ ట్రే ముందు గొంతుక్కూర్చుని, చచ్చిన పరకల్ని ఒక్కొక్కటే వేలితో లేపి చూడటం నేను చూశాను. ఆ మొహం చూశాక ఆయన కోపాన్ని తప్పుపట్టబుద్ధి కాలేదు.

క్షేత్రంలో గాలి మారిపోయింది. పొలం పనికొచ్చే ఆడవాళ్ళు లైట్ల గది దరిదాపుల్లోకి రావడం మానేశారు. ఎలక్ట్రీషియను టీకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు ఆయన గ్లాసు అందుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ దాటాక ఆఫీసరుగారు నన్ను గదిలోకి పిలిచారు.

"అమ్మా, నువ్విక్కడే ఉంటావు గదా. రేపు తెల్లారగట్ల అతను తలుపు తీసేటప్పుడు నువ్వు కూడా ఉండు. పని మీద వచ్చినట్టు ఉండు. ఏం చేస్తున్నాడో చూడు."

"నిఘా వెయ్యమంటారా సార్?"

"చూడమంటున్నాను," అన్నారు, నా మొహం చూడకుండా.

వెళ్ళాను. మంచులో నడిచొచ్చి వణుకుతున్నాను. ఎలక్ట్రీషియను నన్ను చూసి, ఎందుకొచ్చారని అడగలేదు. ఎందుకొచ్చానో ఆయనకి తెలుసు. తాళం తీసి, పక్కకి తప్పుకుని, "మీరే ముందు వెళ్ళండి మేడమ్ గారూ. నేను ఇక్కడే నిలబడతా," అన్నాడు.

లోపల అడుగు పెట్టానో లేదో కళ్ళు మసకబారాయి. నా కళ్ళజోడు అద్దాల నిండా తెల్లటి ఆవిరి. పైట చెంగుతో తుడిచి పెట్టుకున్నాను, మళ్ళీ అదే. చల్లగా ఉన్న అద్దానికి ఆ గదిలో గాలి తగలగానే నీరవుతోంది. అక్కడే నిలబడిపోయాను. అద్దం మీద పట్టిన నీరు రేకు మీద మాత్రం ఎందుకు పట్టదు?

"టార్చి ఉందా?" అని అడిగాను.

ఆయన గడప దాటకుండానే చెయ్యి చాపి ఇచ్చాడు. పైకి కొట్టాను. తెల్లరేకుల నిండా నీటి చుక్కలు, పొక్కుల్లా. చూస్తుండగానే రెండు కలిసి ఒకటై, జారి, నా మెడ మీద పడింది. పగలంతా లైట్ల వేడికి ట్రేల్లో తడి ఆవిరై గదిలో నిండుతోంది. రాత్రి లైట్లు ఆపాక, పైన మంచు కురిసి రేకు చల్లబడి, ఆ ఆవిరంతా దానికే పడుతోంది. మేం డ్యూటీకి వచ్చేసరికి లైట్ల వేడికి రేకులు ఆరిపోతాయి. కింద తడి మాత్రం మిగులుతుంది. వెంటిలేటర్లకి కొట్టిన చెక్కలు ఆ ఆవిరి బయటికి పోయే ఒక్క దారినీ మూసేశాయి.

ఆఫీసరుగారి క్వార్టరుకి పరుగులాంటి నడకతో వెళ్ళి తీసుకొచ్చాను. ఆయనా కళ్ళజోడు మనిషే. లోపలికి వచ్చి, అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. టార్చి వెలుగులో పైకి చాలాసేపు చూశారు.

"బోటనీ వాళ్ళకి ఫిజిక్సు కూడా చెబుతారా అమ్మా?" అన్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే. గడప అవతల నిలబడ్డ మనిషితో మాత్రం ఏమీ అనలేదు. తప్పయిందనే మాట ఆయన గొంతు దాకా వచ్చి ఉంటుందని నేను సరిపెట్టుకున్నాను.

చెక్కలు ఊడదీయించారు. ఒకవైపు కింద జాలీ పెట్టించి, ఎదురు గోడకి పైన ఎగ్జాస్టు ఫాను బిగించారు. కింద నించి పొడిగాలి రావాలి, పై నించి ఆవిరి పోవాలి. సాయంత్రం నీళ్ళు పొయ్యడం మాన్పించి పొద్దున పోయించాను. ఫాను రాత్రంతా తిరిగేది. రేకులు పొడిగా ఉన్నాయి, నారు నిలబడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎలక్ట్రీషియను మళ్ళీ టీకి రాసాగాడు.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. సంక్రాంతి సెలవు అయ్యాక మళ్ళీ ట్రేలు తడిశాయి.

ఈసారి ఆఫీసరుగారికి అనుమానం కాదు, నమ్మకమే కలిగింది. "నేను చూసినప్పుడు ఫాను తిరుగుద్ది. నేను వెనక్కి తిరగ్గానే ఆపేస్తున్నాడు. కడుపుమంట!" అన్నారు.

"నేను మొదటినించీ చెబుతూనే ఉన్నానండి," అన్నాడు స్టోర్ కీపరు.

"ఫాను ఒక్క నిమిషం కూడా ఆపలేదండి," అన్నాడు ఎలక్ట్రీషియను. ఇంకేదో చెప్పబోయాడు. స్టోర్ కీపరు వైపు ఒక్కసారి చూసి ఆగిపోయాడు. ఆ ఆగడం నేను చూశాను. ఈయనేదో దాస్తున్నాడు, అనుకున్నాను. ఆ రోజునించీ నాకూ ఆయన మీద అనుమానం పట్టుకుంది.

మర్నాడు ఆయన్ని పనిలోంచి తీసేస్తారని ఆఫీసులో తెలిసిపోయింది. నేను తెల్లారగట్లే, ఫాను పెట్టాక ఆఫీసరుగారు చేయించిన ఇంకో తాళంచెవి తీసుకుని లైట్ల గదికి వెళ్ళాను. ఫాను తిరుగుతూనే ఉంది. కానీ ఆ శబ్దం బరువుగా ఉంది, మోటారు వేడెక్కిన వాసన. ఒక కాగితం ముక్క చింపి కింద జాలీ దగ్గర పట్టుకున్నాను. గాలి లోపలికి వస్తుంటే అది రెపరెపలాడాలి. కదల్లేదు.

ఫాను తిరుగుతోంది, గాలి కదలడం లేదు. అంటే బయట మూత పడింది.

చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళాను. ఫాను నోట్లో గోనెసంచి కుక్కి ఉంది. దాని కింద ఒక రేకుముక్క వంచి, గాలిని పక్కకి మళ్ళించేటట్టు మేకులకి కట్టి ఉంది. కట్టింది ఎర్రటి కరెంటు తీగతో. ఆ తీగ చుట్ట క్షేత్రంలో ఒక్కరి సంచీలోనే ఉంటుంది. ఆయనేనా?

అంతలో ఎదురు క్వార్టరు వెనకతలుపు తెరుచుకుంది. స్టోర్ కీపరు భార్య చేతిలో కర్రతో బయటికి వచ్చింది. గోనె లాగెయ్యడానికి. నన్ను చూసి ఆ కర్ర వెనక్కి దాచుకుంది.

"పిన్నిగారూ, ఇది మీరు పెట్టారా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. పురిటికొచ్చిన కూతురు ఆ గదిలో పడుకుని ఉంది, పక్కన ఉయ్యాల. సందు వైపు గోడ మొత్తం చెమ్మ, కిటికీ చుట్టూ బూజు. దండెం మీద పసిగుడ్డలు చెయ్యి పెడితే తడిగా అంటుకున్నాయి. బిడ్డ దగ్గుతోంది. అంత చిన్న గుండెలోంచి అంత దగ్గు ఎలా వస్తుందా అనిపించింది.

"ఆ ఫాను పెట్టిన కాడినుంచీ ఇదే తల్లీ. రాత్రంతా ఆ కంపుగాలి మా కిటికీలోకి కొడతా ఉంది. తలుపేసినా ఆగదు. మీ గడ్డి ఆరడానికి మా పిల్లోడు తడవాలా?"

గదిలోంచి ఆవిరిని బయటికి పంపాలని గంటల తరబడి ఆలోచించినదాన్ని. ఆ బయట ఎవరున్నారో ఒక్క నిమిషం ఆలోచించలేదు ఎవరమూ.

"బాబాయిగారికి తెలుసా?"

"ఆయనకేం తెలవదు," అంది, మరీ తొందరగా. "నువ్వు ఎవరికీ చెప్పబాక. ఆయన ఉద్యోగం పోద్ది."

"మరి ఆ రేకు ఎవరు కట్టారు?"

"అది నేను కట్టలా. మొన్నొకనాడు పొద్దున లేచి చూస్తే ఉంది."

ఆఫీసు తెరిచేసరికి వరండాలో ఎలక్ట్రీషియను నిలబడి ఉన్నాడు. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి, "ఇవాళ్టితో సరి. పోలీసుల దాకా వెళ్ళకుండా వదిలేస్తున్నాను, సంతోషించు," అన్నారు. స్టోర్ కీపరు పక్కనే ఉన్నాడు.

ఎవరికీ చెప్పనని ఆవిడ చేతిలో చెయ్యేసి వచ్చాను కాబట్టి చెప్పలేను. చెప్పకపోతే ఈయన వెళ్ళిపోతాడు.

"సార్, ఆ మాట ఇక్కడ కాదు. లైట్ల గది వెనక సందులో నిలబడి అనండి," అన్నాను.

"ఏంటమ్మా?"

"ఒక్క అయిదు నిమిషాలు సార్. మీరే వచ్చి నిలబడండి."

నా గొంతులో ఏం విన్నారో, వచ్చారు. వెనకే అందరూ వచ్చారు. గోనె తీసేసి ఉంది. ఫాను నోటికి ఎదురుగా నిలబడగానే వెచ్చటి కుళ్ళుగాలి ఆయన మొహాన కొట్టింది. కిటికీలోంచి బిడ్డ దగ్గు వినపడింది. ఆయన గోడ మీద చెయ్యి వేసి, తీసి, తడిసిన అరచెయ్యి చూసుకున్నారు. తర్వాత ఆయన చూపు రేకు మీద పడింది.

"ఇదెవరు కట్టారు?"

"నేనేనండి," అన్నాడు ఎలక్ట్రీషియను.

"అంటే గాలి ఈ ఇంట్లోకి కొడుతోందని నీకు తెలుసా?"

"తెలుసండి. ఫానుకి గోనె కుక్కి ఉంటే ఒకటి రెండుసార్లు తీశాను. బిడ్డ దగ్గు వినపడింది. గాలి పక్కకి పోతే చాలేమోనని రేకు కట్టా. చాల్లేదు."

"మరి నోరు తెరిచి చెప్పవేం?"

ఎలక్ట్రీషియను మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు. "కప్పు కారుతోందని చెప్పా గదండీ. మీరు నవ్వారు."

అప్పుడు వెనకతలుపు తీసుకుని ఆ పెద్దావిడ బయటికి వచ్చింది, తలమీద కొంగు సర్దుకుంటూ. "గోనె కుక్కింది నేనండి. ఏవన్నా అంటే నన్ననండి," అంది.

ఆఫీసరుగారు ఫాను ఆపమన్నారు. బిడ్డని ఆ పూటే జీపులో విజయవాడ డాక్టరు దగ్గరికి పంపించారు. సాయంత్రం ఎలక్ట్రీషియన్ను పిలిచి, "దీనికి దారేంటయ్యా?" అని అడిగారు. ఆయన్ని ఒక సలహా అడగడం నేను చూసింది అదే మొదటిసారి. ఫాను నోటికి రేకుగొట్టం తగిలించి, కప్పు మీదుగా పైకి తీసుకెళ్ళి, కాలవ వైపు వంచుదామని ఇద్దరూ కూర్చుని నిర్ణయించారు. గొట్టం వన్ టౌన్‌లో రేకుపని దుకాణంలో చేయించి, లారీ మీద తెచ్చి, ఎలక్ట్రీషియనే బిగించాడు. ఆ తర్వాత ఆ గదిలో నారు కుళ్ళలేదు. అందులో కొన్ని పరకలు గడలయ్యాయి, పొలానికెక్కాయి. బిడ్డకీ నెమ్మదించింది.

గొట్టం బిగించిన రోజునే ఎలక్ట్రీషియను తాళంచెవి ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటయ్యా? నీ పర్మినెంటు సంగతి నేను పైకి రాస్తానన్నాను గదా."

"వద్దండి. హనుమాన్ జంక్షన్‌లో లారీల షెడ్డువాళ్ళు రమ్మంటున్నారు. ఇక్కడ రేపు ఇంకేదన్నా తడిస్తే మీరందరూ ముందు నా వైపే చూస్తారు. నేనూ మీ అందరి మొహాలూ చూసుకుంటూ ఉండాలి. అట్టా పని చెయ్యలేనండి."

'మీరందరూ' అన్నప్పుడు ఆయన నన్ను ప్రత్యేకంగా చూడలేదు. అందులో నన్ను కలపకుండానూ ఉండలేదు. పిల్లలూ, మీరు ఉద్యోగాల్లో యంత్రాల తేడాలు చాలా కనిపెడతారు. కనిపెట్టగానే అంతా సర్దుకుందని అనుకుంటారు, మేం అనుకున్నట్టే. యంత్రం సర్దుకుంటుంది.

బస్సు దగ్గరికి నేను వెళ్ళాను. స్టోర్ కీపరు వస్తాడనుకోలేదు. ఎలక్ట్రీషియను సామాన్ల పెట్టె ఆయనే మోసుకొచ్చి, నిచ్చెన ఎక్కి బస్సు టాపు మీద పెట్టి, తాడు లాగి మరీ చూశాడు. దిగాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"మనవడికెట్టా ఉంది?" అని అడిగాడు ఎలక్ట్రీషియను.

"పాలు తాగుతున్నాడయ్యా," అన్నాడు ఈయన. బస్సు కదిలింది.

తిరిగి ఇద్దరం కలిసే నడిచాం. కాలవ వంతెన దాటాక స్టోర్ కీపరు, నా వైపు చూడకుండా అన్నాడు.

"అతను నాకు ముందే చెప్పాడమ్మాయ్. గోనె చూసిన రోజునే వచ్చి చెప్పాడు. మీ ఇంట్లో వాళ్ళని తియ్యమనండి, నేను ఆఫీసరుగారితో మాట్లాడి పైకి గొట్టం వేయిస్తా అన్నాడు. నేనే వద్దన్నా. మొదటినించీ అతనే దొంగని నేనే అంటిని. ఇప్పుడు నా ఇంటిదే గోనె అని తేలితే నా మాటకేం విలువుంటది?"

"మరి వరండాలో ఆయన్ని తీసేస్తుంటే కూడా..."

"అవును. పక్కనే నిలబడ్డా."

తిట్టడానికి వయసు చాలదు, ఓదార్చడానికి మనసు రాలేదు. గేటు దాకా అలాగే నడిచాం. నేను లైట్ల గది వైపు తిరిగాను. ఆయన క్వార్టరుకి వెళ్తాడనుకున్నాను; వెళ్ళలేదు. ఆఫీసు వరండా ఎక్కి, ఆఫీసరుగారి గది ముందు ఆగి, చెప్పులు విడిచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే అలవాటు మాలో ఎవరికీ లేదు.